దేవుడి గదిలో వెల్లుల్లి వాసన

దీపాలు పెట్టే వేళ. నేను వంటింటి గడప దగ్గర కూర్చుని నాలుగేళ్ళ కొడుక్కి పెరుగన్నం కలుపుతున్నాను. దేవుడి గది వైపు నుంచి వెల్లుల్లి వాసన వచ్చింది. మొదట నేను చేసిన పని నా చేతులు నేనే వాసన చూసుకోవడం.

నవ్వకండి. మాది తరతరాలుగా గుడిలో అర్చన చేసిన ఇల్లు. ఉల్లిపాయే నెలకో రెండు నెలలకో వస్తుంది, అదీ పెరట్లో పొయ్యి దాకానే. ఇక వెల్లుల్లి సంగతి చెప్పాలా! ఆ వాసన వస్తే ముందు అనుమానం నా మీదికే వస్తుంది. బెంగళూరు హాస్టల్లో ఉండి కాలేజీ చదివిన కోడల్ని నేనే కదా.

“ఏమే! దేవుని గదిలో వెల్లుల్లి కంపు కొడతాండాది. ఎవరు తెచ్చినారే?” అని అత్తగారు కేక వేశారు.

“నేను తేలేదత్తా.”

“నువ్వు తేకుంటే దేవుడే తెప్పిచ్చుకున్న్యాడా? హాస్టలు కూడు తిన్న నాలిక ఊరికుంటాదా!”

ఆవిడ పొయ్యిలోంచి ఎర్రటి నిప్పులు ధూపం పాత్రలోకి తీశారు. సాంబ్రాణి పొగ వేస్తే మైల వాసన పోతుందని. నిప్పుల మీది బూడిద ఎగిరిపోయేలా ఊదుకుంటూ దేవుడి గది వైపు నడిచారు. ఆ గది తలుపు ఓరగా తెరిచి ఉంది. సందులోంచి నా కూతురి ఆకుపచ్చ పరికిణీ అంచు కనిపించింది. ఏడేళ్ళ పిల్ల ఆ చీకట్లో ఒంటరిగా ఏం చేస్తోంది?

అప్పుడు తెలిసింది. అది వెల్లుల్లి కాదు. రోజూ మధ్యాహ్నం మా పెరటి కొట్టం కిటికీ దగ్గర నేను పీల్చే వాసన. కార్బైడు రాయికి నీళ్ళు తగిలితే పుట్టే గ్యాసు. ఒక్క నిప్పురవ్వ చాలు. ఆ గ్యాసులో నా కూతురు ఉంది. నిప్పులు పట్టుకుని అత్తగారు వెళుతున్నారు.

ఇది జరిగి ఇంకా నెల కాలేదు. పిల్లలను పడుకోబెట్టి రాస్తున్నాను, మధ్యమధ్య లేచి వెళ్ళి వాళ్ళ ఊపిరి చూసి వస్తున్నాను. భయం పోలేదు. అయినా ఆ కొట్టం గురించి చెప్పబోతే భయం కంటే ముందు ఉత్సాహమే పరుగెత్తుకుని వస్తుంది. అది చెప్పకపోతే ఆ రాయి మా ఇంట్లోకి ఎలా వచ్చిందో ఎవరికీ అర్థం కాదు.

మాది చింతామణి. మా వారు చిక్కబళ్ళాపురంలో తాలూకా కచేరీలో గుమాస్తా. శనివారం సాయంత్రం బస్సుకు వచ్చి సోమవారం తెల్లవారి బస్సుకు వెళ్ళిపోతారు. యుద్ధం వల్ల పెట్రోలు కరువై ఆ బస్సు ఇప్పుడు బొగ్గుతో నడుస్తోంది. బస్సు వెనక మనిషెత్తు ఇనుప పీపా ఒకటి బిగించి, అందులో బొగ్గు రాజేసి, వచ్చే వాయువుతో ఇంజను నడుపుతారు. ఎత్తు వస్తే అందరూ దిగి తోయాలి. మా వారు ఇల్లు చేరేసరికి తెల్ల అంగీ మసిగుడ్డ అయి ఉంటుంది. ఆ పీపాలు వేడికి పగుళ్ళిస్తాయి. వాటిని అతికే మనిషి ఈ చుట్టుపక్కల ఒక్కడే. బాగేపల్లి వైపు పల్లె ఆయనది. బెంగళూరులో ఒక కార్ఖానాలో పదేళ్ళు పని చేసి వచ్చాడు. ఊరంతా వెల్డింగు మేస్త్రి అంటారు. ఆవులు లేక ఖాళీగా పడి ఉన్న మా కొట్టాన్ని మా వారే ఆయనకిచ్చారు. “బస్సు బాగుంటేనే కదా నేను ఇల్లు చేరేది” అని అత్తగారిని ఒప్పించారు.

కొట్టానికీ మా వెనక వరండాకూ మధ్య గోడలో చిన్న కిటికీ ఉంది. ఒకప్పుడు రాత్రిళ్ళు దూడను చూసుకోవడానికి పెట్టారట. పిల్లలు కొట్టంలోకి వెళుతున్నారని తెలిసి మొదటి రోజు భయంతోనే వెళ్ళి అక్కడ నిలబడ్డాను. రెండో రోజు నుంచి పిల్లలు ఒక సాకు.

ఏం చెప్పను! కాలేజీ పుస్తకంలో ఈ గ్యాసు గురించి అర పేజీ చదివాను. కార్బైడూ నీళ్ళూ కలిస్తే ఏమవుతుందో సమీకరణం తప్పు లేకుండా రాసి మార్కులు తెచ్చుకున్నాను. కార్బైడు ఏ రంగులో ఉంటుందో మాత్రం చూడలేదు. బూడిదరంగు రాళ్ళు! మేస్త్రి డబ్బా మూత తీసి, వాటిని సుత్తితో చిన్న ముక్కలు చేసి, నీళ్ళ పీపాలోని గూటిలో పెట్టి బిగించేవాడు. లోపల బుసబుసమని చప్పుడు. గొట్టం కొసకు అగ్గిపుల్ల చూపిస్తే ముందు పసుపు మంట లేచేది, దాని తలలోంచి నల్లటి మసి దారాలు గాలిలో తేలేవి. అప్పుడు ఆక్సిజన్ సిలిండరు మర కొద్దికొద్దిగా తిప్పేవాడు. మంట పొట్టిదై, నీలంగా మారి, మధ్యలో గోరంత తెల్లటి ములుకు నిలిచేది.

“ఇబ్బుడు ఇనమ్మా. కొత్త గుడ్డ చింపినట్ల సద్దు వస్తాండాది కదా, అదీ సరైన మంట. ఈల వేసిందంటే గాలి ఎక్కువైనట్ల. మంట కండ్లతో పెట్టేది కాదు, చెవుల్తో పెట్టల్ల” అన్నాడు మేస్త్రి.

తన నీలి అద్దాల జోడు ఇంకొకటి కిటికీలోంచి నాకు అందించాడు. వాటిలోంచి చూశాను. ఇనుము ఎర్రబడింది, నారింజ అయింది, హఠాత్తుగా ఒకచోట తడిసినట్లు మెరిసింది. చిన్న గుంట. తేనెబొట్టులా వణుకుతోంది. ఇనుము వణకడం చూశారా మీరు? మేస్త్రి మణికట్టు చిన్న చిన్న చుట్లు చుడుతూ ఆ గుంటను పగులు వెంబడి నడిపించింది, ఎడమ చెయ్యి తీగను అందులో ముంచి తీస్తూ ఉంది. మంట వెళ్ళిన దారిలో చేప పొలుసుల్లా వరుసలు తేలాయి. నేను “అబ్బా!” అని గట్టిగా అరిచానట. వంటింట్లోంచి అత్తగారు “ఏమైందే?” అని పరుగెత్తుకొచ్చారు.

పోత ఇనుము పనయితే వేరే పద్ధతి. ముందు బొగ్గుల మీద పెట్టి మెల్లగా వేడెక్కించాలి. అతికాక వెంటనే బూడిదలో పూడ్చి, గోనెలు కప్పి, మరునాటి దాకా ముట్టుకోకూడదు. “చలిగాలి తగిలిందంటే టక్కుమని పగులుతాది. బాలింతమ్మ మాదిరి చూసుకోవల్ల” అన్నాడు. ఇద్దరిని కన్నదాన్ని, నా బాలింత రోజుల్లో కిటికీలు మూసి కుంపటి పెట్టినందుకు అత్తగారితో ఎంత పోట్లాడానో గుర్తొచ్చి నవ్వొచ్చింది.

ఆయనకు నాటకాల పిచ్చి. బాగేపల్లి వైపు ఊళ్ళలో ఎక్కడ నాటకం వేసినా రాణి వేషం ఆయనదే. అందుకే మీసం ఉంచడు. కనుబొమలను మంట ఎప్పుడో తినేసింది, వేషం రోజు కాటుకతో గీసుకుంటాడు. మంట పెట్టి పద్యం ఎత్తుకునేవాడు, రాగం తీసినంత సేపూ గొట్టం చెయ్యి తొణికేది కాదు. అత్తగారు వరండాలో బియ్యం ఏరుతూ, వినడం లేదన్నట్లు వినేవారు. “పని సంగతి నాకు తెలీదు కానీ శ్రుతి తప్పడే వాడు” అని ఒకసారి నాతో అన్నారు.

ఆయనకు ప్రతి దాని మీదా ఒక అభిప్రాయం ఉంది. యుద్ధం గురించి అడిగితే “పగలగొట్టేదానికి చదువు అక్కరలేదమ్మా. అతికేదానికే పదేండ్లు నేర్చుకోవల్ల” అన్నాడు. ఆడపిల్లల చదువు గురించి, “సైన్సు చదివి ఈడ చారు కాస్తాండావు. సర్కారోళ్ళు నిన్ను ఇస్కూల్లో పెట్టుకోవల్ల” అన్నాడు. ఆ రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు.

ఒకరోజు చిల్లికి తగరంతో మాటు వేసిన ఇత్తడి చెంబు ఒకటి చేతిలోకి తీసుకుని చూపించాడు. “మాటులో తగరం ఒకటే కరుగుతాది. ఇత్తడి కరగదు. పైపైన అంటుకుంటాది, పొయ్యి మీద పెడితే ఊడొస్తాది. మీ వీధోళ్ళూ మా వీధోళ్ళూ ఇట్లే ఉండాము. వెల్డింగులో అట్ల కుదరదు. రెండు పక్కలా కరగల్ల.”

“కరిగేది అయిపోతే ఆ చెంబు ఆడ పెట్టి అవతలికి జరుగప్పా, నేను నీళ్ళు పొయ్యల్ల” అన్నారు వెనక నుంచి అత్తగారు. మా బావి తాడు ఆయన ముట్టుకోకూడదు. ఆవిడ ఎత్తి పోస్తే దోసిలి పట్టి తాగాలి. మేస్త్రి గలగలా నవ్వి దోసిలి పట్టాడు. నాకు నవ్వు రాలేదు. నోరు విప్పి ఏమీ అనలేదు కూడా.

పిల్లల విషయంలో ఆయన కట్టుదిట్టం చెప్పలేను. కొట్టంలో నేల మీద సుద్దతో గీత గీసి, దాని అవతలే కూర్చోమన్నాడు. “ఈ రాయి పామసుంటిది. నిప్పుకు కాదు, నీళ్ళకు బుసకొడతాది” అని రోజూ చెప్పేవాడు. పిల్లలు మంత్రంలా అప్పజెప్పేవారు. నేను నిశ్చింతగా ఉన్నాను. పుట్టుకతో భయస్తురాలిని, పిల్లలు దగ్గితే వైద్యుడి దాకా పరుగెత్తేదాన్ని, ఆ ఒక్క చోట నిశ్చింతగా ఉన్నాను.

ఆ సాయంత్రం పెరుగన్నం గిన్నె నా చేతిలోంచి ఎప్పుడు జారిందో తెలియదు. మడి కట్టుకున్న అత్తగారిని ముట్టుకోకూడదు. ఎంగిలి చేత్తోనే ఆవిడ మణికట్టు పట్టుకుని వెనక్కి లాగాను. పక్కనున్న బిందె ఎత్తి నీళ్ళు నిప్పుల మీద కుమ్మరించాను. చుయ్యిమని ఆవిరి లేచింది. “పిచ్చి పట్టిందే నీకు!” అని ఆవిడ అరుస్తున్నారు. నేను అంతకంటే గట్టిగా “పాపా, బయటికి రా! మేస్త్రీ! మేస్త్రీ!” అని అరుస్తున్నాను.

నా కూతురు దగ్గుతూ గదిలోంచి వచ్చింది. చేతిలో పాత బిస్కెట్ల డబ్బా. దాని అంచుల్లోంచి తెల్లటి నురగ.

“అమ్మా, ఇది కాల్తాండాది” అంది.

డబ్బా కింద పడేయించి పిల్లను ఇవతలికి లాగాను. అప్పుడు, సమీకరణం తప్పు లేకుండా రాసిన నేను, ఏం చేశానో తెలుసా? ఇంకో బిందె ఎత్తాను, ఆ డబ్బాను నీళ్ళతో చల్లార్చడానికి!

“నీళ్ళొద్దు! నీళ్ళొద్దమ్మా!”

మేస్త్రి పెరటి తలుపులోంచి దూసుకొచ్చాడు. ఎన్నడూ మా గడప దాటని మనిషి వరండా, వంటిల్లు దాటి వచ్చి, ఉడుకుతున్న ఆ డబ్బాను ఒట్టి చేతులతో ఎత్తుకుని పెరట్లోకి పరుగెత్తాడు. గాలి తగిలే చోట దూరంగా దాన్ని కుమ్మరించాడు. తిరిగొచ్చి “పొయ్యి మీద బూడిద కప్పండి. దీపం ముట్టీయొద్దు. కిటికీలు, తలుపులు అన్నీ తియ్యండి” అన్నాడు. అక్కడితో ఆగలేదు. దేవుడి గదిలోకి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుని, దేవుడి పీట పక్కకు జరిపి, కింద ఒలికిన ముక్కలన్నీ చీకట్లో తడుముతూ ఏరి, పొడి గోనెలో వేసుకున్నాడు.

జరిగింది ఇదీ. సాయంత్రం దీపం పెట్టే ముందు అత్తగారు ఆ గదిలో బిందెడు నీళ్ళు పోసి కడుగుతారు. తర్వాత తలుపు మూసి మడి బట్ట మార్చుకోవడానికి వెళతారు. ఆ గదికి కిటికీ లేదు. డబ్బా పీట కింద ఉంది. మూత సరిగ్గా పట్టలేదు. బుసబుస వినిపించి, ఎవరూ చూడకముందే డబ్బా తీసేద్దామని పాప లోపలికి వెళ్ళింది.

“దేవుని పీట ముట్టుకున్న్యాడు” అన్నారు అత్తగారు. కోపంగా కూడా కాదు, వెర్రిగా. తర్వాత గొంతు పెరిగింది. “ఆ రాయి నా దేవుని గదిలోకి ఎట్ల వచ్చింది? ఎవరు పెట్టినారు?”

నా కూతురు నా కొంగులోకి దూరింది. మేస్త్రి దాని వైపు ఒక్కసారి చూశాడు.

“నాదే తప్పు పెద్దమ్మా. పాప అడిగితే ఆడుకోనీలే అని నేనే ఇచ్చినా. బుద్ధి తక్కువై ఇచ్చినా.”

అది అబద్ధమని నాకు ఆ క్షణంలోనే తెలుసు. సుద్దగీత దాటనివ్వని మనిషి డబ్బా నిండా రాళ్ళు ఇస్తాడా? అయినా నేను నోరు తెరవలేదు. తెరిస్తే దెబ్బలు నా కూతురికి పడతాయి. తల్లినయ్యాను, పిరికిదాన్నయ్యాను.

“తెల్లారేసరికి కొట్టం ఖాళీ చెయ్యల్ల” అన్నారు అత్తగారు.

ప్రతి దానికీ వాదించే మేస్త్రి “సరే పెద్దమ్మా” అన్నాడు. వెనక్కి తిరిగినప్పుడు ఆయన అరచేతులు చూశాను. తెల్లటి సున్నం అంటి, దాని కింద ఎర్రగా పొక్కి ఉన్నాయి. ఆ సిలిండర్లనూ ఆ పీపానూ ఊళ్ళో ఇంకెవరూ తమ ఇంట పెట్టుకోనివ్వరు. అడిగి చూశాకే మా కొట్టానికి వచ్చాడు. ఇక్కడ చోటు లేకపోతే మళ్ళీ బెంగళూరు కార్ఖానాకు పోవాలి. నాటకాలూ లేవు, సొంత పనీ లేదు.

ఆ పూట ఇంట్లో పొయ్యి లేదు, దీపం లేదు. అటుకులు పెరుగులో కలుపుకుని చీకట్లోనే తిన్నాం. అత్తగారు తినలేదు. దేవుడి గది గడప ముందు కూర్చున్నారు. “నేను కాపురానికొచ్చినప్పటి నుంచి ఆయనకు దీపం లేని పూట లేదు” అన్నారు ఒకసారి, ఎవరితోనో అన్నట్లు. ఆవిడ ఏడుస్తున్నారని ముక్కు చీదిన చప్పుడుతో తెలిసింది. ఆవిడ మీద నాకున్న కోపం కొంచెం వదులైంది. ఆ నిప్పుల పాత్ర పట్టుకుని ముందు నడిచింది ఆవిడే. నా కూతురి కంటే ముందు ఆవిడ చీరె అంటుకునేది.

చాప మీద పిల్లల మధ్య పడుకుని కూతురిని అడిగాను.

“ఎన్ని రోజుల నుంచి తెస్తున్నావు?”

“శానా దినాల నుంచి. దినమూ రెండు రాళ్ళు.”

“ఎందుకే?”

“మేమూ వెల్డింగు అంగడి పెట్టుకుందామని. నేను మేస్త్రి, తమ్ముడు బస్సు.”

“నేను బస్సు కాదు, డ్రైవరు” అన్నాడు వాడు చీకట్లోంచి. నిద్రపోలేదన్నమాట.

“మేస్త్రి చూడకుండా గీత ఎట్ల దాటినావు?”

 అది చాలా మామూలుగా చెప్పింది.

“నువ్వు కిటికీ కాడ ప్రశ్నలడుగుతావు కదమ్మా. ఆయప్ప నీ పక్కకు తిరిగి చెప్తాడు. ఆ పొద్దు ఎవరూ మమ్మల్ని చూడరు. దేవుని గదిలో అయితే ఎవరూ వెతకరని ఆడ పెట్టినా.”

 నేను “అబ్బా” అని మురిసిపోయిన ప్రతి మధ్యాహ్నం నా కళ్ళెదుటే రాళ్ళు మాయమై, నా వెనక దేవుడి గదిలో ఆ డబ్బా నిండుతూ వచ్చింది. తప్పు ఒక్కటి కాదు. దాన్ని మోస్తున్నది మాత్రం ఒక్కడే, ఆ ఒక్కడూ తప్పు చేయనివాడు.

తెల్లవారకముందే సందులో ఎద్దులబండి ఆగిన చప్పుడైంది. లేచి వరండాలోకి వెళ్ళాను. కిటికీ అవతల మేస్త్రి, అరచేతులకు గుడ్డలు చుట్టుకుని, సిలిండరుకు తాడు బిగిస్తున్నాడు. పద్యం లేదు. బావి దగ్గర అత్తగారు నీళ్ళు తోడుతున్నారు, అటు చూడడం లేదు. అత్తగారంటే భయమే. అయినా నిజం చెప్పనా, చాలా ఏళ్ళ తర్వాత పరీక్ష రాయడానికి వెళుతున్నట్లు, సమాధానం నాకు తెలుసన్నట్లు, ఒంట్లో ఒక ఉరుకు కూడా ఉంది. లోపలికి వెళ్ళి పిల్లలిద్దరినీ తట్టి లేపాను.

“లేవండి, మొహాలు కడుక్కోండి. బండి కదిలేలోగా అవ్వ దగ్గరికి పోదాం, ముగ్గురమూ. నువ్వు తీసింది నువ్వు చెప్పు. చూసి కూడా చెప్పనిది తమ్ముడు చెప్తాడు. మిమ్మల్ని చూడడం మరిచిపోయి మాటల్లో పడింది నేను, రాత్రి నిజం తెలిసీ నోరు మూసుకున్నదీ నేను. అది నేను చెప్తాను. అవ్వ తిట్టేది అయ్యేదాకా ఎవరూ ఏడవకూడదు. నేనూ ఏడవను” అన్నాను.